ఫ్రీవీల్ అంటే న్యూట్రల్ కాదు, కావాలంటే సైకిల్ తిరగేసి చూడండి

ఫ్రీవీల్ అనే మాటకి అర్థం డిక్షనరీలో తర్వాత చూడొచ్చు, ముందు ఇంట్లో మూల పడున్న సైకిల్‌ని తిరగేసి సీటు, హ్యాండిల్ మీద నిలబెట్టండి. పెడల్ ముందుకు తిప్పి, వెనక చక్రం స్పీడందుకున్నాక ఆపేయండి. పెడల్ ఆగినా చక్రం టకటకటకమంటూ తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ చప్పుడు వచ్చేది వెనకున్న పళ్ల చక్రంలోంచి, సైకిల్ షాపులో ఫ్రీవీల్ అడిగితే ఇచ్చేది దాన్నే. లోపల స్ప్రింగు మీద లేచి ఉండే చిన్న ఇనప నాలుకలుంటాయి, మామూలుగా రెండు. ముందుకు తొక్కితే అవి పళ్లలో ఇరుక్కుని చక్రాన్ని లాగుతాయి, ఆపితే పళ్ల మీద జారిపోతూ టకటకలాడతాయి. ఒకవైపు పట్టు, రెండోవైపు వదులు, అంతే.

తొక్కుతుంటే పెడల్ ఉత్తినే తిరుగుతోందా? చెయిన్ ఊడకపోతే ఆ నాలుకలు అతుక్కుపోయినట్టే, వెంటనే కొత్తది కొనక్కర్లేదు. చెయిన్ పైకి ఉండేలా సైకిల్‌ని పడుకోబెట్టి, ఫ్రీవీల్ సందులోకి కిరోసినో డీజిలో చుక్కలు చుక్కలుగా వేస్తూ పెడల్ వెనక్కి తిప్పండి, నల్లటి మడ్డి పోయేదాకా. తుడిచి పల్చటి మెషిన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేయండి. గ్రీజు మాత్రం వద్దు. నా సైకిల్‌కి ఒక షాపులో ప్రేమగా గ్రీజు దట్టించి పంపారు, చలికాలం పొద్దున్నే అది గట్టిపడి నాలుకలు లేవలేదు, పాలప్యాకెట్లు తగిలించుకుని ఇంటిదాకా తోసుకొచ్చాను.

ఇక బండి సంగతి. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసి 'ఫ్రీవీల్‌లో వస్తున్నా, పెట్రోల్ మిగులుద్ది' అనేవాళ్లు ఉంటారు. న్యూట్రల్‌లో ఇంజిన్‌కీ చక్రాలకీ అసలు సంబంధమే ఉండదు, రెండువైపులా వదులే, దిగుడులో ఇంజిన్ చక్రాల్ని పట్టి ఉంచదు. పైగా ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు దాదాపు ఆగిపోతాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపి దిగడమైతే ఇంకా ఘోరం: రెండుమూడుసార్లు నొక్కేసరికి బ్రేక్ రాయిలా అవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే, తిరుమల అయినా అరకు అయినా.

నిజమైన ఫ్రీవీల్ ఉన్న కార్లు లేకపోలేదు. స్వీడన్‌వాళ్ల సాబ్ 96 అలాంటిదే. మొదట్లో దానిది టూ స్ట్రోక్ ఇంజిన్, ఆయిల్ పెట్రోల్‌లో కలిసే వస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోల్‌తోపాటు ఆయిలూ అందదు, కానీ చక్రాలు ఇంజిన్‌ని గిరగిరా తిప్పుతూనే ఉంటాయి, ఆయిల్ లేక ఇంజిన్ పట్టేస్తుంది. అందుకని చక్రాలు ఇంజిన్‌ని తిప్పకుండా ఫ్రీవీల్ పెట్టారు. హెలికాప్టర్‌లోనూ ఉంటుంది, ఇంజిన్ ఆగినా పైన రెక్కలు ఆగకుండా.

ఎలక్ట్రానిక్స్‌లోనూ ఈ మాట ఉంది: కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్‌ని ఒక పనికి వాడితే ఫ్రీవీలింగ్ డయోడ్ అంటారు. రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, దాని కాయిల్‌కి కరెంటు తీసేసినా లోపలి ప్రవాహం టక్కున ఆగదు, జోరుమీదున్న సైకిల్‌లాగే. దారి ఇవ్వకపోతే వోల్టేజీ ఎగిసి, ఆ రిలేని నడిపే ట్రాన్సిస్టర్ పోతుంది. 12 వోల్టుల రిలే అయితే కాయిల్ రెండు కాళ్లకీ అడ్డంగా 1ఎన్4007 అనే డయోడ్ పెట్టండి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. తిరగేసి పెడితే ఆన్ చేయగానే షార్టే, నాకు ఆ వాసన ఇంకా గుర్తుంది.

చివరిగా అనువాదాలు చేసేవాళ్లకి. ఇంగ్లీషులో 'ఫ్రీవీలింగ్ డిస్కషన్' కనబడగానే 'విశృంఖల చర్చ' అని రాసేయకండి. ఎజెండా లేకుండా మాట ఎటు పోతే అటు సాగిన కబుర్లు, తెలుగులో అయితే పిచ్చాపాటీ. అదే మాట మనిషి గురించి వాడితే పట్టింపుల్లేనివాడు, తనకు తోచినట్టు పోయేవాడు అని, మెచ్చుకున్నారో తిట్టారో ముందు వెనక వాక్యాలు చూసుకోవాల్సిందే.