రాళ్లూ వాలూ ఉన్న తోటకు ట్రాక్టర్ స్లాషర్ ఎలా ఎంచుకోవాలి?

గుట్ట వాలున మామిడో జీడిమామిడో వేసుకున్నవారికి వానలు పడ్డాక గడ్డితోనే పోరాటం. రోటవేటర్ దించితే రాళ్లకు బ్లేడ్లు పోతాయి, కదిలిన మట్టి తర్వాతి వానకు కిందికి కొట్టుకుపోతుంది. నేలను కదపకుండా గడ్డిని, తుప్పలను కోసేది స్లాషర్. అయితే ప్రతి స్లాషరూ రాళ్లకు ఆగదు.

ముందు వాలు కొలవండి. పది అడుగుల తిన్నని కర్ర ఒక కొసను పైవైపు నేలకు ఆనించి, రసమట్టంతో అడ్డంగా సమం చేయండి. రెండో కొస నేలకు రెండున్నర అడుగులకు మించి ఎత్తులో ఉంటే అక్కడికి ట్రాక్టరే వద్దు, కొడవలే దిక్కు.

తర్వాత వెడల్పు. స్లాషర్ వెడల్పులో అడుగుకు, పీటీవో (పనిముట్లను తిప్పే ట్రాక్టర్ వెనకటి ఇరుసు) దగ్గర కనీసం 5 హెచ్‌పీ ఉండాలన్నది స్థూలమైన లెక్క. తుప్పలుంటే ఇంకా కావాలి. గతుకుల్లో వెడల్పాటిది ఒకవైపు నేలను గీకుతూ మరోవైపు గడ్డిని వదిలేస్తుంది. మామూలు 40 హెచ్‌పీ ట్రాక్టర్‌కు 5 అడుగులది చాలు.

ఇక దుకాణంలో పైనున్న రంగును వదిలేసి, వంగి కిందికి చూడండి. బ్లేడ్లు చేత్తో తోస్తే వెనక్కి మడుచుకోవాలి. రాయి తగలగానే మడుచుకుని, తిరిగే వేగానికి అవే మళ్లీ చాచుకుంటాయి. వాటిని బిగించే చోట బోర్లించిన మూకుడులాంటి ఇనుప పళ్లెం ఉండాలి. అది బండ మీద జారిపోతుంది, గేర్‌బాక్స్ ఇరుసు వంగదు. పళ్లెం లేనిదాన్ని సగం ధరకిచ్చినా నేను కొనను.

దెబ్బను ఆపేది షియర్ బోల్టా (దెబ్బకు తానే విరిగేది), స్లిప్ క్లచ్చా (విరగకుండా జారేది) అని అడగండి. బోల్టు చవకే. కానీ పూటకు నాలుగు విరిగితే విసుగొచ్చి ఎవరో ఒకరు గట్టి బోల్టు బిగించేస్తారు, ఆ తర్వాతి రాయికి గేర్‌బాక్స్ బలి. రాళ్ల నేలకు స్లిప్ క్లచ్చే మేలు. వాడకుండా ఉంచితే దాని పలకలు తుప్పుతో అతుక్కుపోతాయి. సీజన్ ముందు స్ప్రింగు నట్లు వదులు చేసి, కాసేపు జారనిచ్చి, మళ్లీ మొదటి కొలతకే బిగించాలి.

చక్రాలకూ పీటీవోకూ ఒకటే క్లచ్ ఉన్న సింగిల్ క్లచ్ ట్రాక్టర్ అయితే మరో చిక్కు. క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బ్లేడ్ల ఊపు పీటీవో గుండా బండిని ముందుకు తోస్తుంది. చదునులో అది అడుగు తేడా, వాలు అంచున ప్రాణాపాయం. సైకిల్ ఫ్రీవీల్‌లా ఒకవైపే పట్టే ఓవర్‌రన్నింగ్ కప్లర్ తప్పక వేయించండి.

ముందూ వెనకా గొలుసుల తెర ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, ఎగిరే రాయి వంద మీటర్ల దూరం పోగలదు. కోసేటప్పుడు మనుషులనూ పశువులనూ దూరంగా ఉంచాలి.

డబ్బు కట్టేముందు మీ ట్రాక్టర్‌కే తగిలించి, ఎత్తించి చూడండి. ముందు చక్రాలు తేలికపడితే ముందు బరువులు కూడా కొనాల్సిందే. ఎక్కుడులో ఆ చక్రాలు ఇంకా తేలిపోతాయి.