చింతగింజలతో శాసనసభ: ఎన్నిక లేకుండా ముఖ్యమంత్రి ఎలా మారతారు

2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. మర్నాడే రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. గుంటూరులో ఒక మున్సిపల్ పాఠశాలలో అప్పుడు నేను సాంఘికశాస్త్రం చెబుతున్నాను. బడి మళ్లీ తెరిచిన రోజు తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "టీచర్, మనం ఓటు వేయకుండానే కొత్త ముఖ్యమంత్రి ఎలా వచ్చారు?" అని అడిగాడు. నల్లబల్ల మీద 164వ అధికరణం అని రాశాను. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారని, మంత్రిమండలి శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుందని చెప్పాను. వాడు తల ఊపాడు గానీ, ప్రశ్న ముఖంలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అష్టాచమ్మా ఆడుకునే చింతగింజల డబ్బా బయటికి తీశాను. ఉద్యోగం అయిపోయాక కూడా బ్రాడీపేటలో మా వసారాలో ఆదివారాలు పిల్లలకు ఈ పాఠం ఆ గింజలతోనే చెబుతున్నాను. మీరూ ఇంట్లో చేసి చూడండి.

వెడల్పాటి పళ్లెం ఒకటి, 175 చింతగింజలు, ఒక గవ్వ కావాలి. మన శాసనసభలో స్థానాలు 175. వాటిలో 110 గింజలను గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీయండి. ఈ పని పిల్లలతోనే చేయించండి. వేళ్లు నొప్పి పెట్టేలా అరగదీసిన గింజను ఎవరూ తేలిగ్గా పారేయరు. తెల్లవి అధికారపక్షం, నల్లవి ప్రతిపక్షం. 110 అన్నది పాఠం కోసం నేను పెట్టుకున్న లెక్క, ఏ ఎన్నికదీ కాదు. గవ్వ ముఖ్యమంత్రి పదవి. దాన్ని ఏదో ఒక తెల్లగింజ మీద నిలపండి.

ఇప్పుడు పళ్లెం కదలకుండా గవ్వను తీసి మరో తెల్లగింజ మీద పెట్టండి. ముఖ్యమంత్రి మారారు. గింజ ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. సార్వత్రిక ఎన్నిక అంటే పళ్లెం బోర్లించి మళ్లీ గింజలు పోయడం. మనం ఓటు వేసింది గింజకు, గవ్వకు కాదు. ఈ ఒక్క మాట పిల్లల చేతికి అందితే మిగతా పాఠం వాళ్లే అల్లుకుపోతారు. 1978 ఎన్నికల్లో ఏర్పడిన ఒకే సభ చెన్నారెడ్డిని, అంజయ్యను, మన గుంటూరు జిల్లా మనిషి భవనం వెంకట్రామ్‌ను, కోట్ల విజయభాస్కరరెడ్డిని నలుగురినీ వరుసగా ముఖ్యమంత్రులుగా చూసింది. గవ్వ ఎన్నిసార్లు కదిలినా సభ గడువు మాత్రం పెరగదు. కొత్తగా వచ్చినవారికి దక్కేది ఐదేళ్లలో మిగిలిన కాలమే.

ఇక గవ్వను ఎవరు కదుపుతారన్నది అసలు విషయం. మొదటి దారి పార్టీ సమావేశం. నల్లగింజలను పళ్లెంలో ఒక పక్కకు జరిపి తెల్లవాటినే చూడండి. నాయకుడు రాజీనామా చేసినా, మరణించినా అధికారపక్ష శాసనసభ్యులు సమావేశమై కొత్త నాయకుణ్ణి ఎన్నుకుంటారు. గవర్నర్ ఆ నాయకుణ్ణి పిలిచి ప్రమాణం చేయిస్తారు. పాత ముఖ్యమంత్రితో పాటు ఆయన మంత్రిమండలీ పోతుంది. అందుకే పాత మంత్రులు కూడా మళ్లీ ప్రమాణం చేయవలసి వస్తుంది. ఇక్కడ పిల్లలను లెక్క అడగండి: నాయకుణ్ణి మార్చడానికి ఎన్ని గింజలు కావాలి? అందరూ 88 అంటారు. సభలో సగం దాటాలంటే 88 నిజమే. కానీ పార్టీ సమావేశంలో 110లో సగం దాటితే చాలు, అంటే 56. మొత్తం సభలో మూడో వంతుకు కూడా చేరని సంఖ్య రాష్ట్రానికి నాయకుణ్ణి నిర్ణయించగలదు. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి మరణించాక కాంగ్రెస్ ఎంపీలు ఇందిరాగాంధీకి 355, మొరార్జీ దేశాయికి 169 ఓట్లు వేశారు. దేశ ప్రధాని ఎవరో ఆ లోపలి ఓటుతోనే తేలిపోయింది. 1995లో ఎన్.టి. రామారావు స్థానంలో సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు వచ్చినప్పుడు కూడా తెలుగుదేశం శాసనసభ్యుల్లో ఎక్కువమంది ఎటు నిలిచారన్నదే తేల్చింది.

56 మంది చేతిలో ఇంత ఉండటం న్యాయమా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమేనని నా అభిప్రాయం, ఒక షరతు మీద: ఆ లెక్క తర్వాత సభలో నిలబడాలి.

రెండో దారి సభ. నల్లగింజలను మళ్లీ తెల్లవాటి పక్కకు తెచ్చి అవిశ్వాస తీర్మానం పెట్టించండి. లోక్‌సభలోనైతే అది చర్చకు రావడానికే 50 మంది మద్దతుగా లేచి నిలబడాలి. ఓటింగులో హాజరై ఓటు వేసినవారినే లెక్కిస్తారు కాబట్టి, 20 గింజలను పళ్లెం అంచుకు జరిపి మళ్లీ లెక్కించమనండి. 155లో 78 చాలు. రాని సభ్యుడు కూడా లెక్క మార్చేస్తాడని పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. తెల్లగింజ ఒకటి నల్లవాటితో కలిసి ఓటేస్తానంటే 1985 నాటి పార్టీ ఫిరాయింపుల చట్టం అడ్డొస్తుంది, విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. పార్టీ లోపలి సమావేశంలో వేసే ఓటుకు ఆ భయం లేదు. మన రాష్ట్రాల్లో నాయకులు సభలో కన్నా పార్టీ గదిలోనే ఎక్కువగా మారడానికి ఇదొక కారణం.

మూడోది గవర్నర్. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పండి. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ రామారావును తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. నేను అప్పుడు విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. సత్యనారాయణపురంలో మా ఇల్లు, నాన్న రైల్వే ఉద్యోగి. రోజూ పేపరు చదవగానే వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో ఎవరివైపు ఎందరో రాసేవారు. మర్నాడు తుడిచి మళ్లీ రాసేవారు. శాసనసభ్యులను కర్ణాటకలో ఉంచారని ఒక రోజు, ఢిల్లీలో రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారని ఇంకో రోజు వార్త. "లెక్కపెట్టడానికి హైదరాబాదులో సభ ఉండగా మనుషులను ఇన్ని ఊళ్లు తిప్పడం ఎందుకమ్మా?" అన్నారు నాన్న. నెల తిరిగి సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తలుపు మీద సుద్ద మరక చాలా కాలం ఉంది.

నాన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1994 మార్చి 11న కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో జవాబు చెప్పింది. ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేలవలసింది సభలోనే, గవర్నర్ సొంత అంచనాతో కాదని. అప్పటికి నాన్నకు చూపు మందగించింది. ఆ వార్త నేనే చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకున్నారు.

కాబట్టి ఇకమీదట ఎక్కడైనా ముఖ్యమంత్రి మారుతున్నారని విన్నప్పుడు, నాయకుల ముఖాలు కాకుండా లెక్క ఎక్కడ జరుగుతోందో చూడండి. మరొకటి కూడా చూడండి: నాయకుడు సభలో ఓడి దిగారా, సభకు రాకుండానే రాజీనామా చేశారా? 2022 జూన్ 29న మహారాష్ట్రలో ఉద్ధవ్ ఠాక్రే బలపరీక్షకు ముందే రాజీనామా చేశారు. పరీక్ష పెట్టమన్న గవర్నర్ నిర్ణయం సరికాదని 2023 మేలో సుప్రీంకోర్టు తేల్చినా, తనంతట తాను దిగినవారిని తిరిగి కూర్చోబెట్టలేమని చెప్పింది.

కొత్త నాయకుడు ఏ సభలోనూ సభ్యుడు కాకపోతే గవ్వను పళ్లెం బయట గచ్చు మీద పెట్టండి. అది అక్కడ ఆరు నెలలే ఉండవచ్చు. పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి పార్లమెంటు సభ్యుడు కారు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోపలికి వచ్చారు. జర్మనీలో ఇంకో పద్ధతి ఉంది: రెండో గవ్వను చేతిలో సిద్ధంగా పట్టుకుంటే తప్ప మొదటిదాన్ని తీయనివ్వరు. 1982 అక్టోబరు 1న అప్పటి పశ్చిమ జర్మనీ సభ ఒకే ఓటింగులో ప్రభుత్వాధినేత హెల్ముట్ ష్మిట్‌ను దించి హెల్ముట్ కోల్‌ను ఎన్నుకుంది. మనకు ఆ నియమం లేదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు గవ్వను అందుకోగల వేరే గింజ దొరకలేదు.

పోయిన ఆదివారం ఈ మాట చెబుతుండగా ఏడో తరగతి పాప, "మరి అప్పుడేం చేస్తారు టీచర్?" అంటూనే, జవాబు తట్టినట్టు పళ్లెం తీసి బోర్లించింది. గింజలు వసారా అంతా దొర్లాయి. అందరం కూర్చుని ఏరాం. లెక్కిస్తే 174 వచ్చాయి. ఒకటి మెట్ల కింద కాలువలో పడిపోయినట్టుంది. సగం దాటాలంటే ఇప్పుడెంత అని అడిగాను. పాప కాసేపు వేళ్లు మడిచి, "ఇప్పుడు కూడా 88 టీచర్" అంది.