కృత్తికల చుట్టూ ధూళి రావట్లేదా? ఎక్కడ పోతోందో ఇలా పట్టుకోండి

కృత్తికల చుట్టూ ఉండే ధూళి, జ్యేష్ఠ పక్కనున్న రో ఓఫియుకీ మబ్బులు, ఆండ్రోమెడా గెలాక్సీ పలుచటి అంచులు... ఇలాంటివి ఫోటో తీసి "ఏమీ రాలేదు" అనేవాళ్ల ఫైళ్లు తెరిచి చూస్తే చాలాసార్లు ధూళి ఫ్రేముల్లో ఉంటుంది, ప్రాసెసింగ్‌లో పోతుంది. ఈ ధూళి వెనకున్న ఆకాశం కంటే ఏ కొద్ది శాతమో ఎక్కువ వెలుగు, అంతే. నేపథ్యాన్ని శుభ్రం చేద్దామని మనం ఏం చేసినా ముందు దెబ్బ దానికే పడుతుంది. అందుకే కొత్త కెమెరా కొనేముందు కింద ఉన్నవి వరసగా చూసుకోండి. మీ దగ్గర 135 ఎంఎం లెన్స్, చిన్న ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాను తిప్పేది), మామూలు డీఎస్ఎల్ఆర్ ఉన్నాయనుకుని రాస్తున్నా.

సమస్య: ఎంత స్ట్రెచ్ చేసినా (మసక భాగాల్ని ఎంత వెలిగించినా) బూడిద రంగే, ధూళి ఆనవాలే లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఊరి వెలుగే. ఆకాశం ఒక మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే మెట్టు) చీకటైతే అదే నాణ్యతకి పట్టే సమయం 2.5 రెట్లు తగ్గుతుంది, రెండున్నర మాగ్నిట్యూడ్లు చీకటైతే 10 రెట్లు. అంటే హనుమకొండలో మేడ మీద 20 గంటలు కూర్చుంటే వచ్చేది అంత చీకటి ఉన్న చోట 2 గంటల్లో వస్తుంది.

ఫిల్టర్‌తో సరిపెట్టుకుందాం అనుకోకండి. ఈ ధూళి నక్షత్రాల వెలుగును తిప్పి పంపుతుంది, అందులో అన్ని రంగులూ ఉంటాయి. వీధిలో ఎల్ఈడీ లైట్ల వెలుగూ అన్ని రంగుల్లో పరుచుకునేదే, కాబట్టి ఫిల్టర్ రెండింటినీ కలిపి కోస్తుంది. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల కోసం చేసింది, ధూళికి పనికిరాదు.

పరిష్కారం: బండెక్కి వెళ్లడమే. నర్సంపేట దాటి పాకాల వైపు గానీ, ములుగు దాటి తాడ్వాయి వైపు గానీ చీకటి బాగుంటుంది. కానీ అవి అభయారణ్యాలు, రాత్రి లోపలికి పోవద్దు. అడవి అంచు ఊళ్లలో తెలిసినవాళ్ల పొలం దగ్గర అడిగి నిలబడండి. చంద్రుడు లేని రాత్రి, ఎఫ్/2.8, ఐఎస్ఓ 800, ఫ్రేముకి 1-2 నిమిషాలు చాలు. కెమెరాలో హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) గుట్ట ఎడమ అంచు వదిలి నాలుగో వంతు దగ్గరికి వస్తే ఆగిపోండి. అక్కడి నుంచి లెక్కలోకి వచ్చేది మొత్తం సమయం, కనీసం 3-4 గంటలు.

దేన్ని తీస్తున్నారన్నదీ ముఖ్యమే. మనం సుమారు 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం, కృత్తికలు దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి, నవంబర్-డిసెంబర్‌లో మొదలుపెట్టేవాళ్లకి అంతకంటే మంచి చోటు లేదు. సప్తర్షి మండలంలో ఎం81 గెలాక్సీ చుట్టూ ఉన్న ధూళి మీద మనసు పడేవాళ్లు చాలామంది, కానీ అది మనకి 39 డిగ్రీలు దాటి పైకి రాదు, ఉత్తరాన మసకలోనే తిరుగుతుంది. దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

సమస్య: స్టాక్‌లో (ఫ్రేములన్నీ కలిపిన ఫోటోలో) ఏదో కనిపించింది, గ్రేడియంట్ (ఒక పక్క నుంచి పరుచుకున్న ఊరి వెలుగు) తీయగానే మాయమైంది, లేదా గెలాక్సీ చుట్టూ నల్లటి వలయం వచ్చింది

ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే, కాస్త నింపాదిగా చదవండి. ప్రోగ్రాం తనంతట తాను పెట్టిన శాంపిల్ చుక్కలు ధూళి మీద, గెలాక్సీ అంచు మీద కూడా పడతాయి. "ఇదే నేపథ్యం" అనుకుని దాన్ని తీసేస్తుంది. వంపులు ఎక్కువున్న మోడల్ ఎంచుకుంటే ఇంకా శ్రద్ధగా తీసేస్తుంది.

సిరిల్ అనే ప్రాసెసింగ్ ప్రోగ్రాంలో అయితే స్టాక్ చేయకముందే, ఫ్లాట్స్ (లెన్స్ మూలల చీకటిని సరిచేయడానికి సమమైన వెలుగులో తీసే ఫ్రేములు) వేసిన ఫ్రేములన్నిటికీ డిగ్రీ 1తో బ్యాక్‌గ్రౌండ్ తీయండి. అది ఏటవాలు పలక ఒక్కటే తీస్తుంది, ధూళి ఆకారాన్ని ముట్టుకోలేదు. స్టాక్ అయ్యాక ఇంకా మిగిలితే చుక్కలు చేత్తో, కొన్నే పెట్టండి. ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అలాడిన్ అనే ఆకాశ పటాల ప్రోగ్రాంలో అదే ప్రాంతం తెరిచి ఐరాస్ (IRAS) ఉపగ్రహం 100 మైక్రాన్ల మ్యాప్ గానీ ప్లాంక్ ఉపగ్రహం మ్యాప్ గానీ పక్కన పెట్టుకోండి, పరారుణంలో ధూళే స్వయంగా వెలుగుతుంది కాబట్టి ఎక్కడ దట్టమో, ఎక్కడ ఖాళీయో తెలిసిపోతుంది.

అది ధూళా, ఊరి వెలుగా అని అనుమానం వస్తే రాత్రి మొదటి సగం ఫ్రేములు విడిగా, రెండో సగం విడిగా స్టాక్ చేసి మార్చి మార్చి చూడండి. పాకాల దగ్గర నర్సంపేట వెలుగు పడమటి నుంచి వస్తుంది, అర్ధరాత్రి దాటి కృత్తికలు అటు వాలేకొద్దీ ఫ్రేములో ఒక పక్క పసుపు పెరుగుతుంది, అది రెండు స్టాకుల్లో ఒకేలా ఉండదు. నక్షత్రాల మధ్య అదే చోట, అదే ఆకారంలో రెండింటిలోనూ ఉంటే ధూళే.

సమస్య: మూలలు తేడాగా ఉన్నాయి

మూలలు చీకటైతే ఫ్లాట్స్ వేరే ఫోకస్‌లోనో, వేరే అపర్చర్‌లోనో తీసుంటారు. మూలలు వెలుగై మధ్య చీకటైతే ఆకాశం ఫ్రేముల నుంచి బయాస్ (సెన్సర్ తనంతట తాను కలిపే స్థిరమైన అంకె) గానీ డార్క్స్ గానీ తీయలేదనే ముందు అనుమానించండి. సర్దేముందు, అక్కడే, లెన్స్ ముందు తెల్ల గుడ్డ కట్టి టాబ్లెట్ వెలుగుతో 30 ఫ్లాట్స్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

సమస్య: నేపథ్యమంతా ఏటవాలు గీతలు

ఫ్రేములు ఒకే దిక్కుకి మెల్లగా జారుతుంటే హాట్ పిక్సెళ్లు (వెలుగు లేకున్నా మెరిసే సెన్సర్ చుక్కలు) గీతలుగా పరుచుకుంటాయి. రెండు మూడు ఫ్రేములకోసారి పది పదిహేను పిక్సెళ్లు అటూ ఇటూ జరపండి, డిథరింగ్ అంటే అదే. జారుడే తగ్గాలంటే ట్రాకర్‌ని ధ్రువం వైపు సరిగ్గా గురిపెట్టాలి, కానీ ధ్రువ నక్షత్రం మనకి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చెట్టో గుట్టో అడ్డొస్తుంది. మోటారైజ్డ్ మౌంట్, ల్యాప్‌టాప్ ఉంటే నీనా (N.I.N.A.) అనే ప్రోగ్రాంలో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ వాడండి, దానికి ధ్రువ నక్షత్రం కనిపించక్కర్లేదు.

సమస్య: అర్ధరాత్రి తర్వాత ఫ్రేములు పాడవుతున్నాయి

ఒక ఫ్రేమును 200 శాతానికి పెంచి కృత్తికల్లో అన్నిటికంటే వెలుగున్న నక్షత్రం ఆల్సియోన్‌ని చూడండి. చుట్టూ మెత్తటి కాంతి వలయం ఉంటే లెన్స్ మీద మంచు పట్టింది, ఎర్ర టార్చి పక్క నుంచి వేస్తే పలుచటి పొర కనిపిస్తుంది కూడా. చెరువుల పక్కన చలికాలంలో ఇది తప్పదు, మొదటి ఫ్రేము నుంచే యూఎస్‌బీ హీటర్ పట్టీ కట్టి ఉంచండి, గుడ్డతో మాత్రం తుడవొద్దు. వలయం లేకుండా నక్షత్రాలన్నీ సమంగా లావైతే చలికి ఫోకస్ జరిగింది, గంటకోసారి సరిచూసుకోండి. లెన్స్ శుభ్రంగానే ఉన్నా నేపథ్యం పెరిగి చిన్న నక్షత్రాలు తగ్గితే పొగ. కోతల తర్వాత వరి కొయ్యకాళ్లు కాలబెట్టే రోజుల్లో ఇది మామూలే, ఆ ఫ్రేములు పక్కన పెట్టండి.

ఎండాకాలంలో నాయిస్ ఎక్కువైతే అది వేడి వల్ల. సెన్సర్ సుమారు 6 డిగ్రీలు వేడెక్కితే డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా సెన్సర్‌లో పుట్టే సంకేతం) రెట్టింపవుతుంది, మే నెల రాత్రులు డార్క్స్ (లెన్స్ మూత పెట్టి తీసే ఫ్రేములు) కూడా అదే వేడిలో తీయాలి. రో ఓఫియుకీ కోసం మే దాకా ఆగకండి, మార్చిలో తెల్లవారుజామున నాలుగైదు గంటలకి దక్షిణాన బాగా పైకి వచ్చి ఉంటుంది.

సమస్య: అన్నీ సరిగ్గా చేసినా చివరి ఫోటోలో ధూళి పలచబడింది

ఆకాశం నల్లగా ఉండాలని బ్లాక్ పాయింట్ (ఏ వెలుగు దగ్గర పూర్తి నలుపు మొదలవ్వాలో చెప్పే హద్దు) లాగేసి ఉంటారు. హిస్టోగ్రామ్‌లో ఎడమ అంచుకీ గుట్ట మొదలుకీ మధ్య ఖాళీ ఉండాలి, ఆకాశం ముదురు బూడిదగా కనిపించినా అలాగే ఉంచండి. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్ 1919లో 182 నల్ల మబ్బుల జాబితా వేశాడు, వాటిలో కొన్ని కృత్తికల పక్కనే వృషభరాశిలో ఉన్నాయి. అవి చుట్టూ ఉన్న ఆకాశం కంటే చీకటి. నేపథ్యాన్నే నలుపు చేసేస్తే వాటిని చూపించడానికి అంతకంటే కింద చోటుండదు.