వానలో జింక వేటా? ముందు ఆ జీన్స్ మార్చుకోండి

సియాటిల్ వైపు కొత్తగా వచ్చి, నవంబరులో మొదటిసారి బ్లాక్‌టెయిల్ జింక వేటకి బయల్దేరుతున్న తమ్ముళ్ళూ, లైసెన్సు, ట్యాగు (జింకని కొట్టడానికిచ్చే అనుమతి చీటీ), హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు సంగతులు మీరు చూసుకునే ఉంటారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఒక్క మాట. చెల్లే హంటింగ్ లైసెన్సు చేతిలో లేకుండా తుపాకీ కాదు కదా, తూటా దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరమే. రాష్ట్రం నిబంధనలు విడిగా చదువుకోండి. ఇక బట్టల దగ్గరికి వద్దాం.

మన ఊళ్ళో వానలో తడిస్తే అరగంటలో ఆరిపోతాం. ఇక్కడ ఐదారు డిగ్రీల చలిలో పొద్దస్తమానం జల్లు పడుతూనే ఉంటుంది. జీన్స్, నూలు బనీను, కాటన్ సాక్సులు ఒకసారి నీళ్ళు పీలిస్తే ఆ రోజుకి ఇక ఆరవు. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే హైపోథెర్మియా, అంటే ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడడం. దానికి మంచు పడక్కర్లేదు, ఈ జల్లు చాలు. పైన ఖరీదైన రెయిన్ జాకెట్ ఉందిగా అంటారు. కొండెక్కేటప్పుడు పట్టిన చెమట ఎక్కడికి పోతుంది? లోపలి నూలంతా అదే తడుపుతుంది.

ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని, దానిమీద ఫ్లీస్, అన్నిటికీ పైన జాకెట్. నడిచేటప్పుడు ఫ్లీస్ సంచిలో ఉండాలి, చంకల కింది జిప్పులు తెరిచి ఉండాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తేనే సరిగ్గా వేసుకున్నట్టు. కూర్చున్నాక ఫ్లీస్ వేసుకోండి. ప్యాంటు అంచు బూటు పైకి రావాలి, లోపలికి దోపితే నీళ్ళన్నీ బూట్లోకే. జాకెట్ మీద నీటిబొట్లు జారకుండా ఇంకిపోతుంటే, మామూలు డిటర్జెంటు మానేసి రెయిన్ జాకెట్ సబ్బుతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్లో తక్కువ వేడి మీద ఆరబెట్టండి. అప్పటికీ ఇంకితే నీటిని తోసే స్ప్రే కొట్టాలి.

జిప్‌లాక్ సంచిలో పొడి ఉన్ని చొక్కా, టోపీ, రెండు జతల సాక్సులు, లైటరు, మంట రాజేయడానికి వాజలైన్ పూసిన దూది ఉండాలి. అక్కడ నూలు పనికొచ్చేది ఆ మంటకే. వేళ్ళు కొంకర్లు పోయినా, మాట తడబడినా వేట ఆపేసి, పొడి బట్టలు వేసుకుని కారు దగ్గరికి వచ్చేయండి. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది ప్రాణం మీదికొచ్చిన గుర్తు, వెంటనే సాయం పిలవండి.

తోటి వేటగాళ్ళకి మీరు కనబడడానికి వేసుకునే 400 చదరపు అంగుళాల ఆరెంజ్ రంగు బట్ట, రెయిన్ జాకెట్‌కి పైన కనిపించాలి, దాని కింద దాగిపోకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే.

తూటాలు తీసేసిన తుపాకీ గొట్టం మూతికి, వాన నీళ్ళు లోపలికి పోకుండా ఒక్క వరస ఎలక్ట్రికల్ టేపు వేయండి. గుడ్డ ముక్క మాత్రం ఎప్పుడూ కుక్కొద్దు, గొట్టం పగులుతుంది. గురి చూసే స్కోపుకి మూత ఉంచండి, దాని మీద ఊపిరి వదలొద్దు. నెత్తురు జాడని వాన త్వరగా కడిగేస్తుంది కాబట్టి దూరపు గురి వద్దు. కాల్చాక, జింక చివరిసారి కనిపించిన చోటి చెట్టుకి వెంటనే గుర్తుగా రంగు టేపు కట్టండి.

ఇంత చెప్పానని మానుకోకండి. బ్లాక్‌టెయిల్ వేటకి సన్న జల్లు మంచి సమయమే. తడిసిన ఆకులు కాలికింద చప్పుడు చేయవు. కుండపోతలో దట్టమైన చెట్ల కింద నక్కిన జింకలు వాన తెరిపిచ్చాక మేతకి బయటికొస్తాయి. చెట్లు కొట్టేసిన మైదానం అంచున, గాలి మీ ముఖానికి తగిలేలా కూర్చోండి.