ఘాటైన మదురో సిగార్: ఆరిపోతే, చేదెక్కితే, తల తిరిగితే ఏం చేయాలి

మదురో అంటే ఎక్కువ కాలం మాగబెట్టిన ముదురు రంగు ఆకు పైన చుట్టిన సిగార్. ఫుల్ స్ట్రెంత్, అంటే బాగా ఘాటైన మదురో సరిగ్గా కాలకపోతే చాలామంది సరుకు మంచిది కాదని పక్కన పడేస్తారు. ఎక్కువసార్లు లోపం సరుకులో ఉండదు. ఆకులో తేమ ఎక్కువై ఉంటుంది, లేదంటే తాగేవాళ్లు తొందరపడి ఉంటారు.

మదురోకు వాడే పై ఆకు మందంగా, జిడ్డుగా ఉంటుంది. అమెరికాలోని కనెక్టికట్ నది లోయలో ఆరుబయట ఎండలో పెరిగే బ్రాడ్‌లీఫ్, మెక్సికోలో వెరాక్రూజ్ రాష్ట్రంలో పండే శాన్ ఆండ్రెస్, బ్రెజిల్‌లోని బహియాలో పండే మాటా ఫీనా ఇందులో ముఖ్యమైనవి. ఈ ఆకుని గుట్టలుగా పేర్చి, మధ్యమధ్యలో తిరగేస్తూ, మామూలు ఆకుకంటే ఎక్కువ వేడి మీద, ఎక్కువ కాలం మాగబెడతారు. పల్చటి ఆకైతే ఆ వేడికి చివికిపోతుంది. ఘాటైన సిగార్లలో లోపల పెట్టే ఆకుల్లో లిగేరో పాలు ఎక్కువ. లిగేరో అంటే మొక్క పైభాగాన ఎండ బాగా తగిలిన ఆకు. నూనె, నికోటిన్ దాంట్లోనే ఎక్కువ, కాలడం మాత్రం నెమ్మది. అందుకే చుట్టేవాళ్లు దాన్ని నడిమధ్యన పెట్టి, తేలిగ్గా కాలే ఆకులు చుట్టూ వేస్తారు. పైన మందపాటి ఆకు, నడుమ బద్ధకంగా కాలే ఆకు ఉన్న సిగార్‌ని కనెక్టికట్ షేడ్ అనే, నీడన పెంచిన పల్చటి ఆకు చుట్టిన సిగార్‌లా అంటించి, అంతే వేగంగా తాగితే కుదరదు.

అంటుకోదు, అంటుకున్నా మాటిమాటికీ ఆరిపోతుంది

ముందు తేమ చూడాలి. సిగార్లను 70 శాతం తేమలో ఉంచాలన్న పాత లెక్క పల్చటి ఆకుకి సరిపోతుంది గానీ, మదురోకు అది ఎక్కువే. 62 నుంచి 65 శాతం మధ్య ఉంచితే ఇదే సిగార్ చక్కగా కాలుతుంది. వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. కాస్త లోపలికి పోయి వెంటనే తేరుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మెత్తగా దిగబడిపోతే నీరు పట్టింది, చిటపటమంటే ఎండిపోయింది.

నీరు పట్టినదాన్ని వెంటనే అంటించొద్దు. తేమ ప్యాక్ (పెట్టెలో తేమని ఒకే స్థాయిలో నిలిపే చిన్న సంచి) లేని ఖాళీ దేవదారు చెక్కపెట్టెలో ఒకటి రెండు రోజులు వదిలేస్తే చాలు. అయితే విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో వానాకాలంలో బయటి గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఈ ఉపాయం పనిచేయదు. అలాంటిచోట ఆ పెట్టెని ఏసీ గదిలో పెట్టాలి, లేదా 62 శాతం తేమ ప్యాక్ వేసి మూతపెట్టి రెండు వారాలు ఆగాలి. అనంతపురం ఎండల్లో దీనికి పూర్తిగా ఎదురు సమస్య. మూత సరిగ్గా పడని పెట్టెలో వారం తిరిగేసరికి ఆకు గలగలలాడుతుంది.

తేమ కొలిచే హైగ్రోమీటర్ చూపే అంకెని గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో సగందాకా ఉప్పు పోసి, తడిమట్టిలా అయ్యేలా నాలుగైదు చుక్కల నీళ్లు కలపండి. దాన్ని, హైగ్రోమీటర్‌ని కలిపి జిప్ కవర్లో మూసి ఒక రోజంతా ఉంచండి. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటర్ 71 చూపిస్తే అది నాలుగు తక్కువ చూపుతోందని అర్థం, ఇకపై ఆ నాలుగు కలుపుకోవాలి. ఎన్నాళ్లనుంచో 68 అనుకున్నది నిజానికి 72 అని బయటపడటం కొత్తేమీ కాదు.

తేమ సరిగ్గానే ఉన్నా ఆరిపోతోందంటే అంటించడంలో తొందరపడ్డారు. బ్యూటేన్ లైటర్ మంట కొనని సిగార్‌కి ఒక సెంటీమీటర్ దూరంలో ఉంచి, సిగార్‌ని తిప్పుతూ 30 సెకన్లు చివరిని కాచండి. అంచు చుట్టూ నల్లబడి, సన్నటి నిప్పు గీత కనబడాలి. ఆ తర్వాతే నోట్లో పెట్టుకుని, మంట దగ్గరగా చూపిస్తూ రెండు మూడు మెత్తటి దమ్ములు లాగండి. చివరిని మీవైపు తిప్పుకుని ఊది చూస్తే, నడుమ ఎక్కడైనా నల్లగా మిగిలిందేమో తెలుస్తుంది. మిగిలితే అక్కడ మళ్లీ మంట చూపించాలి. నడుమ ఉన్న లిగేరో అంటుకోకుండా అంచు మాత్రమే కాలితే ఆ సిగార్ పదినిమిషాల్లో ఆరిపోతుంది. పెట్రోల్ లైటర్ వద్దు. ఆ వాసన జిడ్డు ఆకుకి పట్టి, మొదటి ముప్పావు అంగుళం పాడుచేస్తుంది.

ఒక పక్కే కాలుతోంది, లేదా లోపల సొరంగంలా పోతోంది

ఒక పక్క ముందుకు పోవడానికి మామూలు కారణం గాలివాటు, లేదా అంటించేటప్పుడు ఒక వైపు తక్కువ కాలడం. వెనకబడిన పక్కని కిందికి తిప్పి పట్టుకుని రెండు నిమిషాలు ఆగండి, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. తేడా అర సెంటీమీటర్ దాటితే వెనకబడిన అంచుకే లైటర్ చూపించాలి. మళ్లీ మళ్లీ అదే పక్క వెనకబడుతుంటే మాత్రం లోపలి ఆకులు సమంగా సర్దలేదని అర్థం, దానికి మంట చూపిస్తూ పోవడం తప్ప వేరే మందు లేదు.

లోపల కాలిపోయి పై ఆకు గొట్టంలా మిగిలితే, పై ఆకు తడిగా ఉంది, లేదా దమ్ముకి దమ్ముకి మధ్య మరీ ఎక్కువసేపు ఆగుతున్నారు. నుసి రాల్చి, మిగిలిన అంచుని నిప్పుతో సమానం చేసి, నిమిషానికి ఒక దమ్ము చొప్పున నాలుగైదు దమ్ములు లాగాలి.

నుసి రాల్చినప్పుడు లోపలి నిప్పు కొంచెం మొనదేలి కనిపిస్తే కంగారు పడొద్దు. లిగేరో నెమ్మదిగా కాలుతుంది కాబట్టి నడిభాగం వెనకబడి అలా మొన కడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల మొన ఆరోగ్యకరమైన లక్షణం. సూదిలా పొడుగ్గా సాగితే మాత్రం మీరు వేగంగా తాగుతున్నారు.

దమ్ము రావడం లేదు

అంటించకముందే కోసి, ఒట్టి గాలి పీల్చి చూడండి. స్ట్రాతో మజ్జిగ తాగినంత సులువుగా రావాలి. బిగుతుగా ఉంటే మొదట కోతని చూడండి. టోపీ, అంటే నోట్లో పెట్టుకునే చివర అతికించిన ఆకు ముక్క. దాని అంచుకి పైన, చివరినుంచి రెండు మిల్లీమీటర్లు కోయడం సరైన కొలత. అంతకంటే తక్కువ కోసి ఉంటే ఇంకో మిల్లీమీటర్ తీయొచ్చు. టోపీ అతికిన గీత దాటితే మాత్రం పై ఆకు విడిపోతుంది. 50 రింగ్ సిగార్‌కి, అంటే 20 మిల్లీమీటర్ల లావుకి, పంచ్‌తో చేసిన చిన్న రంధ్రం కంటే నేరు కోతే నయం. ఘాటైన మదురోలో తారు ఎక్కువ చేరుతుంది, చిన్న రంధ్రంలో అదంతా ఒకచోటే కూడి నాలుకని పట్టేస్తుంది.

కోత సరిగ్గానే ఉంటే సిగార్ పొడుగునా వేలితో తడమండి. గట్టిగా గడ్డలా తగిలిన చోట ఆకు ముడిపడి ఉంటుంది. అక్కడ బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నలిపితే కొంత వదులవుతుంది. అప్పటికీ రాకపోతే సిగార్ల కోసం అమ్మే పొడుగాటి సూదిని కోసిన వైపునుంచి నడిమధ్యగా దించి, తిప్పుతూ బయటికి తీయాలి. పక్కకి పోతే పై ఆకు చిల్లు పడుతుంది.

చేదు, నాలుక మంట

మూడు కారణాలు ఉండొచ్చు. వాటిని చేదు మొదలైన సమయాన్ని బట్టి గుర్తుపట్టాలి.

మొదటి దమ్ముల్లోనే ముక్కుకి ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే ఆకు సరిగ్గా మాగలేదు. ఆకు మాగేటప్పుడు బయటికి పోవాల్సిన అమ్మోనియా ఇంకా లోపలే ఉంది. ఆ సిగార్‌ని తాగి లాభం లేదు. అదే పెట్టెలోని మిగతావాటిని 65 శాతం తేమలో ఆరునెలలు వదిలేయండి. మదురోలో ఓపిక పట్టడానికి ఇదే అన్నిటికంటే గట్టి కారణం. ఘాటు తగ్గి రుచి గుండ్రబడుతుంది.

చేదు సగంలో మొదలైతే అది వేడి. నిమిషంలోపు రెండు మూడు దమ్ములు లాగితే నిప్పు వేడెక్కి ఆకులోని నూనెలు మాడతాయి. నిమిషానికి ఒక దమ్ము చాలు. టోరో అనే ఆరు అంగుళాల సైజు సిగార్ తాగడానికి గంటన్నర పడుతుంది. నలభై నిమిషాల్లో పూర్తయిందంటే మీరు మాడ్చుకున్నట్టే. ఇక్కడ చేయాల్సింది పొగ బయటికి ఊదడం. నుసి రాల్చి, సిగార్‌లోంచి నెమ్మదిగా రెండు మూడు సెకన్లు బయటికి ఊదండి. పేరుకున్న పాత పొగ పోతుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ లాగండి, తేడా వెంటనే తెలుస్తుంది.

చివరి మూడోవంతులో వచ్చే చేదు తారుది. అంతవరకూ కాలిన ఆకు జిడ్డంతా మిగిలిన ముక్కలో కూడుతుంది. నాలుగైదు సెంటీమీటర్లు మిగిలాక వదిలేయడమే మంచిది. డబ్బు పెట్టి కొన్నాం కదా అని వేళ్లు కాలేదాకా లాగితే గంటసేపు ఆస్వాదించినదంతా ఆ ఐదు నిమిషాల్లో చెడుతుంది.

తల తిరుగుతోంది, చెమటలు పడుతున్నాయి, కడుపులో తిప్పుతోంది

నికోటిన్ ఎక్కువైంది. సిగరెట్ అలవాటున్నవాళ్లకి ఇది ఎక్కువగా తగులుతుంది, ఎందుకో తెలుసుకోవాలి. మన ప్రకాశం జిల్లా బ్యారన్లలో వేడిగాలితో ఆరబెట్టే వర్జీనియా పొగాకులో చక్కెర ఎక్కువ, దాని పొగ ఆమ్లగుణంతో ఉంటుంది. ఆ నికోటిన్ నోటి పొరల్లోంచి పెద్దగా దిగదు, అందుకే సిగరెట్ తాగేవాళ్లు ఊపిరితిత్తుల్లోకి లాగుతారు. నీడన గాలికి ఆరి, మాగిన సిగార్ ఆకు పొగ క్షారగుణంతో ఉంటుంది. అది బుగ్గల లోపలి పొరనుంచే రక్తంలోకి వెళ్తుంది. దాన్ని సిగరెట్‌లా లోపలికి లాగితే రెండు దారుల్లోనూ ఒకేసారి నికోటిన్ ఎక్కుతుంది. సిగార్ పొగని ఎప్పుడూ నోటితోనే ఆపాలి. గోదావరి లంక పొగాకు చుట్టలు తాగినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు.

మొదటి గుర్తు కనబడగానే సిగార్ కింద పెట్టేయండి. గాలి తగిలే చోట కూర్చుని, చల్లటి నీళ్లు మెల్లగా తాగండి. చెంచాడు చక్కెర నోట్లో వేసుకోవడం సిగార్ తాగేవాళ్లలో పాత అలవాటు. అరగంట, గంటలో తగ్గుతుంది. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మరోసారి రాకుండా ఉండాలంటే కడుపునిండా భోజనం చేసిన ముప్పావు గంటకి, రొబుస్తో అనే ఐదు అంగుళాల సైజు సిగార్‌తో మొదలుపెట్టండి. పరగడుపున, మద్యంతో పాటు వద్దు. లోపలికి లాగకపోయినా నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది. ఎంత తరచుగా తాగాలో ఎవరికి వారు ఆ లెక్కతోనే తేల్చుకోవాలి.

నల్లగా ఉంది గానీ ఘాటు లేదు, రుచీ అంతంతే

రంగుకీ ఘాటుకీ సంబంధం లేదు. ఘాటు లోపలి లిగేరో ఇస్తుంది, రంగు పై ఆకు మాగిన తీరుని చెబుతుంది. కారునలుపు సిగార్ తేలిగ్గా, గోధుమరంగు సిగార్ తల తిరిగేలా ఉండొచ్చు. కొనేటప్పుడు లోపలి ఆకు ఏమిటో అడగండి. లిగా ప్రివాడా నంబర్ 9 లాంటి బ్రాండ్లలో పై ఆకు బ్రాడ్‌లీఫ్, దాని కింద మాటా ఫీనా అని తయారీదారులే చెబుతారు. కమాచో ట్రిపుల్ మదురోలో పైనా లోపలా అంతా మదురో ఆకే.

రుచి తెలియకపోతే ముక్కుని వాడండి. నోట్లోని పొగలో ఐదో వంతు మాత్రం ముక్కులోంచి మెల్లగా వదలాలి, అదీ నాలుగైదు దమ్ములకి ఒకసారి. మిరియాల ఘాటు, డికాక్షన్, ముదురు బెల్లం పాకం అన్నీ అక్కడే విడివిడిగా తెలుస్తాయి. నోరు ఎండితే రుచి మొద్దుబారుతుంది, పక్కన నీళ్లు తప్పనిసరి. పాలు లేని ఫిల్టర్ కాఫీ దీనికి మంచి జోడు.

పై ఆకు పగలడం, పెదవికి రంగు అంటడం

ఎండిన సిగార్‌ని ఒక్కసారిగా తేమలో పెడితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు చీలుతుంది. ముందు 62 శాతంలో రెండు వారాలు, తర్వాత 65లోకి మార్చాలి. చిన్న చీలికకి పండ్ల పెక్టిన్ నీళ్లలో చిక్కగా కలిపి రాసి, రెండు నిమిషాలు వేలితో అదిమితే అతుకుతుంది. తడి తెల్లగుడ్డతో తుడిస్తే లేత గోధుమరంగు రావడం సహజం. సిరాలా నల్లగా వస్తే ఆకుకి రంగు వేశారు, అలాంటిది తాగకండి.

తెల్లటి మచ్చలు, సూది రంధ్రాలు

నూలులా మొలిచిన తెలుపు, ఆకుపచ్చ మచ్చ బూజు. తాగొద్దు, పారేయండి. పెట్టె లోపల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడండి.

గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు, పక్కన సన్నటి పొడి కనిపిస్తే పొగాకు పురుగు. ఆకులో ఉండే గుడ్లు 24 డిగ్రీలు దాటితే పొదుగుతాయి, మన ఎండాకాలంలో ఏసీ లేని గది అంటే ఆహ్వానం పలికినట్టే. రంధ్రాలున్నవి తీసేసి, మిగతావాటిని రెండు జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటి వేసి గాలి తీసేయండి. ఫ్రిజ్‌లో ఒక రోజు, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు, మళ్లీ ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి, కవర్ విప్పకుండా గది వేడికి రానివ్వండి. ముందే విప్పితే చల్లటి ఆకు మీద నీరు పట్టి పై ఆకు చీలిపోతుంది.