జీబీఎస్ (గిలాన్ బారే సిండ్రోమ్) తర్వాత ఇంట్లో ఫిజియో
నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ బలహీనపడే ఈ జబ్బుకు నిమ్స్‌లోనో గాంధీలోనో ఐవీఐజీ (రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) పూర్తయి ఇంటికొచ్చాక చాలామంది చేసే తప్పు, మొదటి వారమే పేషెంటును మెట్లెక్కించడం. దెబ్బతిన్నది నరం, కండను అలిసిపోయేదాకా వాడితే బలం పెరగదు సరికదా, తగ్గొచ్చు. ఒక్కో కదలిక 5 సార్లు, మధ్యలో విశ్రాంతి, రోజుకు 2, 3 విడతలతో మొదలుపెట్టండి. మర్నాటికీ నీరసం తీరకపోతే సగానికి తగ్గించండి.

అసలు శ్రద్ధ చీలమండ మీద పెట్టాలి. మోకాలు చాపి ఉంచి, మడమను అరచేతిలో పట్టుకుని, అరికాలిని మీ ముంజేతికి ఆనించి పైకి నెట్టండి. 30 సెకన్లు, 3 సార్లు. వేళ్లు పట్టుకుని వంచితే పాదం మధ్యలో వంగుతుంది, పిక్క సాగదు.

నిలబెట్టేముందు కాసేపు మంచం అంచున కూర్చోబెట్టండి, బీపీ పడిపోవచ్చు. స్పర్శ తెలియని కాళ్లకు కాపడం వద్దు, బొబ్బలొస్తాయి. ఊపిరాడకపోయినా, మింగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి.