మడమ వెనక నొప్పి వదలనప్పుడు ట్రయథ్లాన్ సాధనకు తిరిగి రావడం ఎలా?

పొద్దున్నే మంచం దిగి బాత్రూమ్ దాకా వేసే మొదటి పది అడుగులు. వాటిలో మడమ వెనక పట్టేసిందా, కుంటారా, మామూలుగా నడిచారా? కింద చెప్పబోయేదంతా ఆ పది అడుగుల చుట్టూనే తిరుగుతుంది.

మడమ వెనక ఉండే తాడు, అకిలిస్ టెండన్. దాని నొప్పి మోసకారి. పరుగు మొదట్లో బిగుసుకున్నట్టుంటుంది, రెండు కిలోమీటర్లు దాటేసరికి ఒళ్ళు వేడెక్కి మాయమవుతుంది. తగ్గిపోయిందనుకుని పద్నాలుగు కిలోమీటర్లు లాగించేస్తాం. మర్నాడు మెట్లు దిగలేం. రెండు వారాలు రెస్ట్ తీసుకుంటే హాయిగా ఉంటుంది. మళ్ళీ షూ లేసు కట్టగానే కథ మొదటికొస్తుంది. ఈ చక్రంలో నేను తొమ్మిది నెలలు తిరిగాను. రెస్ట్ తీసుకుంటే నొప్పి తగ్గుతుందే గానీ టెండన్‌కు బలం రాదు, ఉన్న బలం కూడా పోతుంది. అది తెలియక తిరిగిన తిరుగుడు అది.

గురి 70.3 అనే ట్రయథ్లాన్ పోటీ అనుకుందాం, మూడూ వరసగా: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. ఆ 70.3 మూడింటి మొత్తం మైళ్ళు. గోవాలో 2019లో మొదలైన పోటీ ఈ దూరానిదే. దెబ్బతిన్న భాగానికి అసలు పరీక్ష అన్నిటికన్నా చివర, కాళ్ళు అప్పటికే అలసిపోయాక వస్తుంది. అదే ఇందులో చిక్కు.

1. ముందు అది అకిలిసేనా అని తేల్చుకోండి

మనం 'మడమ నరం పట్టింది' అంటాం గానీ అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే మందపాటి తాడు. నొప్పి రెండు చోట్ల వస్తుంది. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన, వేళ్ళతో నొక్కితే తెలిసే చోటు ఒకటి. టెండన్ ఎముకకు అతుక్కునే చోటు రెండోది. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే రెండో రకంలో మడమను కిందికి వంచిన కొద్దీ టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. మెట్టు అంచు మీంచి మడమ కిందికి దించే వ్యాయామం మొదటి రకానికి మందు, రెండో రకానికి మంట. ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చోవడం కూడా అంతే. రెండో రకం వాళ్ళు కొన్నాళ్ళు కమోడ్ వాడితే మంచిది.

మంచి ఫిజియోను గానీ స్పోర్ట్స్ డాక్టర్‌ను గానీ ఒక్కసారి కలవండి. ఈ కింది వాటిలో ఏదైనా ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. పరిగెడుతుంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టు 'టప్' మని శబ్దం వచ్చి, మునివేళ్ళ మీద నిలబడలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు మడమలూ పొద్దున అరగంటకు పైగా బిగుసుకుని, దానితోపాటు నడుము కూడా పట్టేస్తుంటే అది కీళ్ళవాతం తరహా జబ్బు కావచ్చు. పిక్క వాచి, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా చేయించండి. రెండూ టెండన్ మానడాన్ని వెనక్కి లాగుతాయి.

మందుల సంగతొకటి చెప్పాలి. విరేచనాలనో, మూత్రంలో మంటనో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ టెండన్‌ను దెబ్బతీయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వీటి మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. స్టెరాయిడ్లు కూడా వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టర్ ఏదైనా యాంటీబయాటిక్ రాస్తుంటే 'నాకు అకిలిస్ సమస్య ఉంది' అని నోరు తెరిచి చెప్పండి. నొప్పి చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని పోటీకి వెళ్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. నొప్పి తెలియకుండా పరిగెత్తితే తాడు తెగిపోవచ్చు.

2. నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి

యాప్ వద్దు, మంచం పక్కన చిన్న పుస్తకం చాలు. రోజూ పొద్దున ఆ పది అడుగులు నడిచి, నొప్పికి 0 నుంచి 10 వరకు ఒక అంకె రాయండి (0 అంటే నొప్పే లేదు). నిన్న ఏం చేశారో పక్కన ఒక ముక్క. వారం రోజులు కొత్తగా ఏమీ మొదలుపెట్టకుండా ఇదొక్కటే చేస్తే మీ మామూలు అంకె తెలుస్తుంది. నాది 4.

ఆ అంకెతో ఏం చేయాలంటే, స్వీడన్ ఫిజియోలు వాడుకలోకి తెచ్చిన ఒక పద్ధతి ఉంది. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి 5 దాకా వచ్చినా ఫర్వాలేదు. మర్నాటి పొద్దుటికి అది మామూలు స్థాయికి దిగిపోవాలి. వారం వారం పొద్దుటి బిగుతు పెరగకూడదు. అంతే. నేను పరుగు వరకు 5ను 3కు తగ్గించుకున్నాను, ఎందుకంటే ట్రయథ్లాన్ చేసేవాళ్ళం నొప్పికి మార్కులు వేయడంలో పిసినారులం. మన 3 పక్కవాడి 5.

నొప్పి లేకుండా చేయాలన్న పట్టుదల వదిలేయడమే ఇందులో కష్టమైన భాగం. కొంచెం నొప్పితోనే పని చేయించాలి. ఎంత అన్నది మాత్రం పరుగెత్తేటప్పుడు తేలదు, మర్నాడు పొద్దున తేలుతుంది.

3. బరువు ఎత్తండి

మిగతావన్నీ వదిలేసినా ఇదొక్కటి వదలకండి.

హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే స్వీడన్ సర్జన్‌కు ఈ నొప్పే వచ్చిందట. ఆపరేషన్ చేయమంటే పై డాక్టర్ ఒప్పుకోలేదట. సరే, దీన్ని పూర్తిగా చెడగొడితే అప్పుడైనా చేస్తారని మడమ మీద బరువు వేసి కసిగా వ్యాయామం చేస్తే, చెడకపోగా బాగైందని ఆయన కథ. తర్వాత 1998లో 15 మంది పరుగు ఔత్సాహికుల చేత 12 వారాలు అదే చేయించి ఫలితాలు ప్రచురించారు. అందరూ మళ్ళీ పరుగుకు వచ్చారు. తర్వాత పెద్ద సంఖ్యలో చేయించినప్పుడు అందరికీ అంత బాగా పనిచేయలేదు గానీ, టెండన్‌కు బరువే మందు అన్న మాట మాత్రం నిలిచింది.

ఆయన పద్ధతిలో రోజుకు 180 సార్లు మడమ దించాలి. ఉద్యోగం, ఈత, సైకిల్ ఉన్నవాళ్ళకు అది కుదిరే పని కాదు. 2015లో డెన్మార్క్‌లో వారానికి మూడుసార్లు, ఎక్కువ బరువుతో, నెమ్మదిగా చేయించి చూస్తే ఏడాది తర్వాత ఫలితం సమానంగానే వచ్చింది. మనకు ఇదే నయం.

మొదటి రెండు వారాలు నొప్పి ఎక్కువగా ఉంటే కదలకుండా చేయండి: మునివేళ్ళ మీద సగం ఎత్తు లేచి 45 సెకన్లు ఆగడం, రెండు నిమిషాలు విరామం, మొత్తం ఐదుసార్లు. తర్వాత రెండు కాళ్ళతో లేవడం, దిగడం. అది తేలికయ్యాక ఒంటికాలితో. మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి. గబగబా చేస్తే దండగ. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కొద్దిగా వంచి కొన్ని చేయాలి. వంచి చేసేది పిక్కలో లోపలి కండరం కోసం. పరుగులో ఎక్కువ పని దానిదే.

15 సార్లు కష్టం మీద చేయగలిగే బరువుతో మొదలుపెట్టి, మూడు నెలల్లో 6 సార్లకు మించి చేయలేనంత బరువు దాకా పోవాలి. మూడు, నాలుగు సెట్లు. జిమ్ లేకపోతే వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం ప్యాకెట్లు పెట్టుకుని వంటింటి గడప దగ్గర చేయండి, నేను అలాగే చేశాను. మూడు ప్యాకెట్ల దాకా వెళ్ళాక సంచి పట్టీ తెగింది, అకిలిస్ మాత్రం తెగలేదు.

ఇంట్లో గచ్చు మీద, గ్రానైట్ మీద వట్టికాళ్ళతో తిరగడం మన అలవాటు. ఈ కొన్ని నెలలు మడమ కాస్త ఎత్తుగా ఉన్న చెప్పులు ఇంట్లో కూడా వేసుకోండి. అలిపిరి మెట్ల మొక్కు ఉంటే వాయిదా వేయండి, వట్టికాళ్ళతో 3,550 మెట్లు ఎక్కితే నోట్‌బుక్‌లో ఆరు వారాల కష్టం పోతుంది.

4. ఈత, సైకిల్ ఆపకండి, కొద్దిగా మార్చండి

ఈతలో అకిలిస్‌కు దెబ్బ నీళ్ళలో తగలదు, గోడ దగ్గర తగులుతుంది. 25 మీటర్ల కొలనులో 1,500 మీటర్లు ఈదితే 59 సార్లు గోడను తన్నుతారు. బాగున్న కాలితోనే తన్నండి, లేదా మెల్లగా తిరిగి వచ్చేయండి. తొడల మధ్య పుల్ బాయ్ (నీళ్ళలో తేలే నురగ ముక్క) పెట్టుకుంటే కాళ్ళకు పని తగ్గుతుంది. పాదాలకు తొడిగే ఫిన్స్ వద్దు.

సైకిల్ మీద మూడు మార్పులు. షూను పెడల్‌కు బిగించే కింది క్లీట్‌ను మడమ వైపు కొన్ని మిల్లీమీటర్లు జరపండి, పిక్క మీద లాగుడు తగ్గుతుంది. సీటు మరీ ఎత్తుగా ఉంటే కాలి వేళ్ళు కిందికి చాచి తొక్కాల్సి వస్తుంది, కాస్త దించండి. లేచి నిలబడి ఎత్తు ఎక్కడం కొన్నాళ్ళు మానండి. హైదరాబాద్ వాళ్ళకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 2023లో మొదలైన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. అక్కడ సిగ్నల్ గొడవ లేదు, ఆగి మళ్ళీ కాలు గట్టిగా ఊని బయలుదేరే పని తప్పుతుంది. ఊపిరికి, గుండెకు పడాల్సిన కష్టమంతా ఇక్కడే పెట్టేయండి. పరుగు లేని నెలల్లో మీ ఫిట్‌నెస్‌ను కాపాడేది సైకిలే.

లోతు నీళ్ళలో తేలే బెల్ట్ కట్టుకుని పరుగు పెట్టడం కూడా మంచి మార్గం. అయితే పాదం నేలకు తగలకూడదు. అపార్ట్‌మెంట్ కొలను నాలుగడుగుల లోతే ఉంటుంది, అక్కడ అది కుదరదు.

5. పరుగు: ఎప్పుడు, ఎంత?

మూడు గుర్తులు చూసుకోండి. అరగంట చురుగ్గా నడిచినా మర్నాటి అంకె పెరగకూడదు. ఒంటికాలి మీద 20 సార్లు మునివేళ్ళ మీదకు లేవగలగాలి. అదే కాలితో పది గెంతులు వేస్తే నొప్పి 3 దాటకూడదు. మూడూ కుదిరేదాకా పరుగు లేదు. నాకు మూడోది కుదరడానికి ఎనిమిది వారాలు పట్టింది.

మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. ఒక పరుగుకూ, తర్వాతి పరుగుకూ మధ్య కనీసం 48 గంటల విరామం ఉండాలి. గట్టి శ్రమ తర్వాత టెండన్‌లో మొదటి ఒకటిన్నర రోజు అరుగుదలదే పైచేయి, కట్టుకోవడం తర్వాత మొదలవుతుంది. వరసగా రెండు రోజులు పరిగెత్తితే, ఆ కట్టుకునే సమయాన్నే కోసేసినట్టు. తర్వాత రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఆపై నాలుగు, ఒకటి. ఆరేడు వారాలకు 30 నిమిషాల ఆగని పరుగు రావాలి. పొద్దుటి అంకె రెండు పెరిగితే, అది దిగేదాకా ఆగి, వెనకటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు.

చదునైన రోడ్డు చూసుకోండి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎత్తుపల్లాలు ఇప్పుడు వద్దు, నెక్లెస్ రోడ్డు నయం. వైజాగ్ వాళ్ళు బీచ్ రోడ్డు మీద పరిగెత్తండి, ఇసుకలో కాదు. ఇసుకలో మడమ దిగబడి టెండన్ సాగుతుంది. షూ విషయంలో వేళ్ళ వైపు కన్నా మడమ 10 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నది తీసుకోండి. చదును సోలు ఉన్న షూ, కార్బన్ ప్లేట్ షూ రెండూ అలమారలోనే ఉండనివ్వండి. ముందు దూరం పెంచండి, వేగం ఆఖరున. టెండన్‌కు వేగమే అసలు బరువు.

6. సైకిల్ దిగి పరుగు

ఆగని పరుగు 40 నిమిషాలు వచ్చాకే సైకిల్ వెంటనే పరుగు కలపండి. గంట సైకిల్, పది నిమిషాల పరుగు. పది నిమిషాలే. అలసిన పిక్క మోయని బరువు టెండన్ మీద పడుతుంది కాబట్టి, సైకిల్ తర్వాతి పది నిమిషాలు మామూలు ఇరవై నిమిషాలతో సమానంగా లెక్క పెట్టుకోండి. రెండు వారాలకోసారి ఐదేసి నిమిషాలు పెంచితే చాలు.

7. పోటీ తేదీ సంగతి

చాలామంది ఫీజు కట్టేశాం కదా అని తేదీకి తగ్గట్టు కాలిని లాగుతారు. తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి: 30 నిమిషాల ఆగని పరుగు వచ్చిన రోజుకూ, 70.3కూ మధ్య కనీసం 16 వారాలు ఉండాలని నా లెక్క. లేకపోతే రిలేలో ఈతో, సైకిలో మీరు తీసుకుని పరుగు ఇంకొకరికి ఇవ్వండి.

జర్మనీ ట్రయథ్లెట్ యాన్ ఫ్రోడెనో 2018లో 70.3 ప్రపంచ విజేత. కొన్ని వారాలకే తుంటి దగ్గర ఎముకలో సన్నని పగులు బయటపడి, దీనికి రెట్టింపు దూరం ఉండే హవాయి ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీకి వెళ్ళలేదు. 2019లో అక్కడికే తిరిగొచ్చి 7 గంటల 51 నిమిషాల 13 సెకన్లతో కోర్సు రికార్డు రాశాడు. అంతటివాడు ఒక ఏడాది వదులుకున్నాడు, మనకు మెడల్ ఫొటో ఆరు నెలలు ఆలస్యమైతే కొంప మునగదు.

పోటీ వారంలో పొద్దుటి అంకె మీ మామూలు అంకెకన్నా రెండు ఎక్కువగా ఉంటే ఆ వారం పరుగు పూర్తిగా మానేసి, మడమ వ్యాయామం మాత్రం కదలకుండా చేసే పద్ధతిలో ఉంచండి. పోటీ రోజు పరుగును మొదటి కిలోమీటరు నుంచే నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకగా మొదలుపెట్టండి. నొప్పి వచ్చాక నడుద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం. పోటీ అయ్యాక రెండు రోజులు ఆగి, బియ్యం సంచి మళ్ళీ భుజానికెత్తుకోండి. వారానికి రెండుసార్లు, ఇంకో ఏడాది పాటు.